పెళ్ళింటి కుక్కకు కాపలా ఎవరు?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల చర్చకూ మధ్యాహ్న భోజనానికీ నడుమ నాకు సమయం కేటాయించారు. మొదటిదానితో మీకు కోపం వచ్చి ఉంటుంది, రెండోదాని వాసన ఇప్పటికే వస్తోంది. ఈ రెంటి మధ్య కుక్కల గురించి మాట్లాడమన్నారు. పెళ్ళిలో కుక్కను చూసుకోవడానికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవడం అన్న విషయం నోటీసులో చూసి మన సభ్యులు కొందరు నవ్వారట. నవ్వినందుకు నాకు బాధ లేదు. కానీ ఈ రెండేళ్ళలో ఇదే సంగతి నన్ను విడిగా పక్కకు పిలిచి అడిగినవాళ్ళు కూడా మనవాళ్ళే. పశుసంవర్ధక శాఖలో కాంపౌండరుగా చేరి మూడు దశాబ్దాలకు పైగా ఈ పల్లెలన్నీ తిరిగినవాణ్ణి కాబట్టి నన్ను అడుగుతున్నారు. అందరికీ ఒకేసారి చెప్పేస్తే సరిపోతుందని ఒప్పుకున్నాను.

ముందు మన పెళ్ళిళ్ళు ఎలా జరుగుతున్నాయో చూడండి. పలమనేరుకూ పుంగనూరుకూ మధ్యనున్న మన పెద్దపంజాణిలో, చుట్టుపక్కల పల్లెల్లో ఇదివరకు పెళ్ళి అంటే ఇంటి ముందు పందిరే. మనుషులూ పశువులూ కుక్కా అంతా అక్కడే. ఇప్పుడు పెళ్ళి కల్యాణమంటపానికి పోయింది. ముందురోజు సాయంకాలం రిసెప్షను, మరుసటి రోజు తెల్లవారుజామున ముహూర్తం. ఇల్లంతా తాళం వేసి, బట్టలూ నగలూ పెట్టెల్లో సర్దుకుని రెండు రోజులు పలమనేరులోనో, ముళబాగిలులోనో, కోలారులోనో ఉండాలి. ఈ రెండు రోజులూ ఇంట్లో ఉండే జీవాల మాటేమిటి?

పాడి ఆవుల విషయంలో ఈ ప్రశ్నకు మనకు ఎప్పుడో జవాబు దొరికింది. ముహూర్తం నాలుగున్నరకైనా సరే, పాలు తీసే వేళ మారదు. రెండు పూటలు పితకకపోతే పొదుగు వాపు వస్తుందని ప్రతి ఇంట్లో ఆడవాళ్ళకు తెలుసు. అందుకని పొరుగూరి నుంచైనా ఒక మనిషిని మాట్లాడుకుని, కూలి ఇచ్చి, పాలు కేంద్రానికి పోయించే ఏర్పాటు చేసి మరీ పెళ్ళికి కదులుతారు. దాన్ని చూసి ఎవరూ నవ్వరు. అదే కుక్క దగ్గరికి వచ్చేసరికి, ఎవరో ఒకరు చూసుకుంటారులే అంటారు. నేను చెప్పదలచింది ఆ "ఎవరో ఒకరి" గురించే.

ఆ ఎవరో ఒకరు ఒకప్పుడు జీతగాడు. మనలో చాలామంది ఇళ్ళలో జీతగాళ్ళు ఉండేవారు. ఏడాదికింత అని మాట్లాడుకుని, తిండీ బట్టా ఇచ్చి పెట్టుకునేవాళ్ళు. దొరబిడ్డ పెళ్ళంటే వాళ్ళకు రెండింతల పని. పందిరికి గుంజలు నాటేది వాడు, నీళ్ళు మోసేది వాడు. తీరా అందరూ బండ్లు కట్టుకుని మగపెళ్ళివారి ఊరికి పోతే, కొట్టంలో ఎద్దుల దగ్గర, చేను గట్టున కుక్క పక్కన పడుకునేది కూడా వాడే. తను చేతుల మీద ఎత్తుకుని తిప్పిన పాప పెళ్ళిని వాడు చూడలేదు. పెళ్ళివారు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చిన చల్లారిన అన్నం, ఓ ఓళిగ వాడి వాటా. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇలాంటివాళ్ళను ఎందరినో చూశాను. ఫలానావారి పెళ్ళిలో భోజనం ఎలా ఉందని అడిగితే, "కుక్కను అడగండి సారూ, అది నేనూ ఇక్కడే ఉన్నాం" అన్నాడు ఒకడు.

ఆ జీతగాళ్ళు ఇప్పుడు లేరు. వాళ్ళ పిల్లలు బెంగుళూరులో ఉద్యోగాలు చేస్తున్నారు. మంచిదే. వాళ్ళు లేరు గనుక ఆ పని ఎవరి మీద పడింది? నా అనుభవంలో రెండు రకాల మనుషుల మీద పడింది. ఒకరు ఇంట్లో మాట చెల్లని ఆడమనిషి. రెండోవారు మనమే, పెన్షనర్లం. "నాన్నా, మీకు మంటపంలో కూర్చోవడం కష్టం, మోకాళ్ళ నొప్పులు, ఇంట్లో హాయిగా ఉండండి, కుక్క కూడా మీ దగ్గరే ఉంటుంది" అంటారు. మాట తియ్యగానే ఉంటుంది. కానీ సొంత మనవరాలి తలంబ్రాలు చూడకుండా కుక్కకు పాలు పోస్తూ కూర్చోవడానికా మనం ముప్పయ్యేళ్ళు సర్వీసు చేసింది?

ఒక సంగతి చెబుతాను. మన మండలంలోనే జరిగింది, ఊరూ పేరూ చెప్పను. అబ్బాయి బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగి. అక్కడ లాబ్రడార్ జాతి కుక్కను పెంచుతున్నాడు. పెళ్ళికి దాన్ని కారులో వెంట తెచ్చాడు. తల్లి చిన్నప్పుడే పోతే ఆ అబ్బాయిని పెంచింది మేనత్త, భర్త పోయిన మనిషి. కుక్కకు ఆమె అలవాటే. "అత్తా, నువ్వు ఇంట్లో ఉండు, ఇది నీ మాటే వింటుంది" అన్నారు. భర్త పోయిన మనిషి ముహూర్తం వేళ ఎదురు రాకపోతే మేలన్న ఉద్దేశం కూడా ఎవరి మనసులోనో ఉండి ఉంటుంది. కుక్క పేరు చెప్పి ఆమెను పక్కకు పెట్టారేమో అని నా అనుమానం. ఆమె ఏమీ అనలేదు.

తాళి కట్టడం అయిపోయి పెళ్ళివారు మధ్యాహ్నం ఇంటికి వచ్చారు. వీధి మొదట్లోనే పలకలు, బాణసంచా. పెద్ద సరం ఒకటి ఇంటి గేటు దగ్గరే కాల్చారు. మన చెవి సెకనుకు ఇరవై వేల కంపనాల దాకా వింటుందంటారు, కుక్కది నలభై అయిదు వేల దాకా పోతుంది. మనకు వేడుకగా ఉండే చప్పుడు దానికి ప్రాణం మీదికి వచ్చినట్టుంటుంది. గొలుసు తెంపుకుని మంచం కిందికి దూరింది. పెళ్ళికి వచ్చిన ఆరేళ్ళ పిల్లవాడు ముద్దు చేద్దామని మంచం కిందికి పోయి దాని మెడ పట్టుకున్నాడు. చేతి మీద కరిచింది.

ఆ గందరగోళంలో బుద్ధిగా ప్రవర్తించింది ఆమె ఒక్కతే. పసుపు పెట్టమని ఒకరు, సున్నం రాయమని ఒకరు, కట్టు కట్టమని ఒకరు అంటుండగా, పిల్లవాణ్ణి బోరింగు దగ్గరికి తీసుకుపోయి సబ్బు పెట్టి పావుగంట సేపు ధారగా నీళ్ళు పోసి కడిగింది. కరిచిన గాయానికి మొట్టమొదట చేయవలసింది అదే. తర్వాత ఆసుపత్రికి పంపించింది. నన్ను పిలిపించింది కూడా ఆమే. నేను పోయి అడిగిన మొదటి మాట, కుక్కకు రేబిస్ టీకా వేయించిన కార్డు ఏది అని. కార్డు బెంగుళూరు ఇంట్లో బీరువాలో ఉంది. పెళ్ళి పత్రికలు, నగల రసీదులు, మంటపం అడ్వాన్సు కాగితం అన్నీ సంచిలో ఉన్నాయి, ఆ ఒక్క కార్డు లేదు. డాక్టరుగారు పిల్లవాడికి సూదులు మొదలుపెట్టారు. కుక్కను పది రోజులు కట్టేసి గమనించమని చెప్పాము. దానికి ఏమీ కాలేదు, పిల్లవాడూ క్షేమం.

నింద మాత్రం ఆమె మీద పడింది. కుక్కను చూసుకోమంటే ఏం చేస్తున్నావు అని వియ్యాలవారి ఎదుటే అన్నారు. నేను బయలుదేరుతుంటే వాకిట్లోకి వచ్చి ఆమె నన్ను అడిగింది ఒకటే. "తాళి కట్టేటప్పుడు వాడు నా కోసం చూసి ఉంటాడంటారా?" నేను మంటపానికి పోలేదు, ఏం చెప్పను?

రేబిస్ మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగి చెబుతాను, ఇది నా వృత్తి. మన వయసువారికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు గుర్తుండే ఉంటాయి. గొర్రె మెదడు నుంచి తయారుచేసిన మందు అది. 2005 నాటికి మన దేశంలో దాని వాడకం ఆగిపోయింది. ఇప్పుడు చేతి చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడవ, ఏడవ, ఇరవై ఎనిమిదవ రోజుల్లో వేస్తారు. గాయం లోతుగా ఉండి రక్తం వస్తే గాయం చుట్టూ మరో మందు కూడా వేయాలి, దాన్ని అడిగి వేయించుకోండి. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు దాదాపు లేదనే చెప్పాలి. ప్రపంచంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పెంచుకునే కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, తర్వాత డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా ఒకటి వేయిస్తే ఈ భయమంతా ఉండదు. పెళ్ళికి కనీసం నెల ముందు వేయించి, ఆ కార్డును పత్రికలతో పాటు సంచిలో పెట్టుకోండి.

సరే, మనిషిని పెట్టుకునే విషయానికి వస్తాను. ఇది అమెరికా వాళ్ళ పిచ్చి అని ఒక మిత్రుడు అన్నారు. అక్కడ పెళ్ళికూతురి కుక్కకు స్నానం చేయించి, పూలపట్టీ కట్టి, ఫోటో తీయించి, తర్వాత ఇంటికి చేర్చే పనినే వృత్తిగా పెట్టుకున్నవాళ్ళు ఉన్న మాట నిజమే. ఇక్కడ కూడా 2023 జనవరిలో ముంబాయిలో అంబానీగారి ఇంటి నిశ్చితార్థంలో వాళ్ళ పెంపుడు కుక్క ఉంగరాలు మోసుకుని వచ్చింది, టీవీలో అందరూ చూశారు. జునాగఢ్ నవాబు తన కుక్కకే వైభవంగా పెళ్ళి చేశాడని పాత కథ ఒకటి చెప్పుకుంటారు. అవన్నీ ఉన్నవాళ్ళ ముచ్చట్లు. మనకు కావలసింది ఉంగరాలు మోసే కుక్క కాదు, ఎవరినీ కరవకుండా, తను భయపడకుండా రెండు రోజులు గడిపే కుక్క.

శుభకార్యంలో కుక్కేమిటి, అశుభం కాదా అనేవారికి నేను భారతం చెబుతాను. కథ మొదట్లోనే కుక్క ఉంది. జనమేజయుడు యజ్ఞం చేస్తుంటే సరమ అనే దేవశునకం కొడుకు సారమేయుడు అక్కడికి వచ్చాడు. రాజుగారి తమ్ముళ్ళు వాణ్ణి కొట్టారు. హవిస్సు ముట్టలేదు, దానివైపు చూడనైనా లేదు, నా బిడ్డను ఎందుకు కొట్టారు అని సరమ వచ్చి నిలదీసింది. అంత పెద్ద సభలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అనుకోని భయం మీకు కలుగుతుందని శపించి వెళ్ళిపోయింది. చివర్లో ధర్మరాజు వెంట నడిచినదీ కుక్కే, దాన్ని విడిచి స్వర్గానికి రానన్నాడాయన. నేను సంస్కృతం చదువుకున్నవాణ్ణి కాదు. కానీ సరమ కథలో నాకు కనిపించేది ఒకటి. కార్యం జరిగేచోటికి కుక్క రావడం తప్పు కాలేదు, వచ్చిన కుక్కను కర్రలతో చూసుకోవడం తప్పయింది.

మన సభ్యుడు ఒకరి మనవరాలి పెళ్ళి ఇటీవల జరిగింది. ఆ అమ్మాయికి కూడా కుక్క ఉంది. మొదట తాతగారినే ఇంట్లో ఉండమన్నారు. ఆయన నాతో మొరపెట్టుకుంటే నేను వాళ్ళింటికి పోయి మాట్లాడాను. బెంగుళూరులో ఊళ్ళకు పోయేవాళ్ళ కుక్కలను ఉంచుకునే చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి చోట పనిచేసే కుర్రవాణ్ణి రెండు రోజులకు కుదిర్చారు. వాడి పని తీరు నాకు బాగా నచ్చింది, అందుకని వివరంగా చెబుతున్నాను.

పెళ్ళికి పదిహేను రోజుల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి వచ్చి కుక్కతో నడకకు పోయాడు. తొలిసారి దాన్ని ముట్టుకోను కూడా లేదు, పక్కన కూర్చుని వాసన చూడనిచ్చాడు. ఏం తింటుంది, ఎప్పుడు తింటుంది, దేనికి భయపడుతుంది, ఇదివరకు ఎవరినైనా కరిచిందా అని రాసుకున్నాడు. టీకా కార్డు చూపించమని తానే అడిగాడు. తనకు కూడా ముందస్తుగా రేబిస్ సూదులు వేయించుకున్నానని చెప్పాడు. అది దాచిన కుక్కల మనిషిని నేనైతే పెట్టుకోను. అది పడుకునే పాత దుప్పటిని ఉతకకుండా ఇవ్వమన్నాడు. ఇంటావిడ సిగ్గుపడి ఉతికి ఇవ్వబోతే వద్దన్నాడు, ఇంటి వాసన ఉంటేనే కొత్తచోట దానికి ధైర్యమట. మంటపంలో వంటశాలకూ మేళానికీ దూరంగా వెనకవైపు ఒక గది ముందే అడిగి పెట్టుకున్నాడు. రిసెప్షనుకు జనం రాకముందే పది నిమిషాలు తెచ్చి పెళ్ళికూతురి పక్కన ఫోటో తీయించి, మేళం మొదలయ్యేలోపల తీసుకుపోయాడు. పిల్లలు వెంటబడితే, "ఇది ఆవలిస్తోంది, పెదవులు నాకుతోంది, తోక కాళ్ళ మధ్య పెట్టుకుంది చూశారా, దీనికి భయంగా ఉంది, రేపు ఆడుకుందాం" అని పంపించేశాడు. ఆవలింత నిద్రకే కాదు, భయానికి కూడా వస్తుందని ఆ పిల్లలు ఆ రోజు నేర్చుకున్నారు. పెద్దల్లో కూడా చాలామందికి తెలియదు.

తిండి విషయంలో కుర్రవాడు బహు గట్టివాడు. చుట్టాలు ప్రేమగా విస్తట్లోవి తెచ్చి పెట్టబోతే ఒక్కటీ పెట్టనివ్వలేదు. మనం పెళ్ళిలో వండేవి చాలావరకు కుక్కకు పడవు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తాన్ని చెడగొడతాయి. కేసరిలో, పాయసంలో వేసే ఎండుద్రాక్ష మూత్రపిండాలకు ముప్పు. మాంసం విందైతే ఉడికిన ఎముక చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. చాక్లెట్ల సంగతి మీ మనవళ్ళకే తెలుసు. పందిరికి గన్నేరు కొమ్మలు కడితే అది అందకుండా చూడాలి, ఆ చెట్టంతా విషమే. దానికి రోజూ పెట్టేదే, రాగి సంగటైతే సంగటే, వేళకు పెట్టి నీళ్ళు పెడితే చాలు. ఎండకాలపు ముహూర్తాల్లో, కుక్కను కారులో ఉంచి అద్దాలు కొంచెం దించాము కదా అనేవాళ్ళు ఉంటారు. ఎండలో నిలిపిన కారు కొద్ది నిమిషాల్లోనే కొలిమి అవుతుంది, కుక్కకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు.

ఆ పెళ్ళిలో నేను పట్టుబట్టింది ఒక్క విషయానికి. ఆ కుర్రవాడికి మొదటి పంక్తిలోనే భోజనం పెట్టాలన్నాను. అతను తింటున్న అరగంట నేను గదిలో కూర్చున్నాను. వాడు వద్దు వద్దంటూనే పోయి తృప్తిగా తిని వచ్చాడు. తాతగారు ముందు వరుసలో కూర్చుని తలంబ్రాలు చూశారు. ఈరోజు ఈ సభలోనే ఉన్నారు, నవ్వుతున్నారు, పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పను.

బెంగుళూరు మనిషే కావాలని లేదు. మన ఊళ్ళలోనే జీవాలతో మెలిగే కుర్రవాళ్ళు ఉన్నారు. పశువైద్యశాలలో సాయం చేసినవాడు, మేకలు మేపేవాడు, ఎవరైనా సరే, కుక్కను కొట్టని మనిషి కావాలి. ఒక నెల ముందు నుంచి వారానికి రెండుసార్లు రప్పించి అలవాటు చేయండి. వంటమనిషితో మాట్లాడుకున్నట్టే రోజుకింత అని ముందే మాట్లాడుకోండి, బస్సు చార్జీ వేరే. సగం ముందే ఇవ్వండి. ఏదైనా జరిగితే ఎవరికి ఫోను చేయాలో, దగ్గరి పశువైద్యుడి నంబరేమిటో ఒక చీటీ రాసి చేతికివ్వండి. పెళ్ళివారి ఫోన్లు మోగినా ఎవరూ ఎత్తరు, కాబట్టి పెళ్ళిపనుల్లో లేని ఒకరి నంబరు కూడా రాయండి. ఆ రెండు రోజులు వాడికి వేరే పని చెప్పకండి. "ఊరకే కూర్చున్నావు కదా, ఆ నీళ్ళ క్యాన్లు అందుకో" అన్నామంటే కుక్క మళ్ళీ ఎవరికీ కాకుండా పోతుంది.

చేను దగ్గర కట్టేసిన నాటు కుక్కను కూడా మరవకండి. కౌండిన్య అడవి దగ్గరున్న పల్లెలవారికి చెప్పనక్కరలేదు, ఏనుగులు వచ్చిన రాత్రి ముందు చెప్పేది అదే. పెళ్ళి రెండు రోజులు దాన్ని గొలుసుతో కట్టి పోతే దానికి నీళ్ళు పోసేవారు ఉండరు, చిరుత వస్తే పారిపోవడానికి దారీ ఉండదు. లాబ్రడారుకు మనిషిని పెట్టి, దీన్ని గాలికి వదిలేసిన ఇళ్ళు నేను చూశాను. అదే మనిషి రెండు పూటలా చేను దాకా పోయి దీనికీ సంగటి పెట్టి రావచ్చు. అందుకు ఇంకొంచెం ఇవ్వండి.

ఖర్చు మాటెత్తేవారు పెళ్ళి ఖర్చుల పుస్తకం తీసి చూడండి. బాణసంచా ఎంత అని రాసి ఉంటుంది. అందులోంచి రెండు సరాలు తగ్గించుకుంటే ఈ మనిషి కూలిలో కొంత వస్తుంది, కుక్కకూ మేలు.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. టీకా కార్డుల గురించి, మనిషిని ఎలా కుదుర్చుకోవాలన్న దాని గురించి ఇంకా అడగదలచినవారు భోజనాల దగ్గర అడగండి, నేను రెండో పంక్తిలో కూర్చుంటాను.